బోర్డు పోలేదు, బెల్టు ఎండిపోయింది!

మీ ట్రెడ్‌మిల్ రిపేరుకి వచ్చిన మనిషి మోటారు కవర్ తీయకుండానే "బోర్డు పోయింది సార్" అన్నాడా? నమ్మకండి. మళ్లీ చెబుతున్నా, నమ్మకండి! ట్రెడ్‌మిల్ కంట్రోలర్ బోర్డులు, అంటే మోటారుని నడిపించే సర్క్యూట్ బోర్డులు, బాగున్నవి కూడా ఊరికే మార్చేస్తున్నారని పోయిన వీడియోలో అన్నాను. మన వైజాగ్‌లోనే కొందరు రిపేరు అన్నలు నా మీద గట్టిగా లేచారు. "బోర్డు మీది లైట్లు చూసి రోగం చెప్పేస్తావా" అన్నారు. చెబుతాను. ఇవాళ ఆ లైట్లే చూద్దాం.

ఎంవీపీ కాలనీలో మా పక్క అపార్ట్‌మెంట్ పెద్దాయన ఉన్నారు. మోకాళ్ల నొప్పి, బీచ్ రోడ్డు దాకా వెళ్లలేక ఇంట్లోనే నడుస్తారు. ఎక్కి నాలుగు అడుగులు వేయగానే మిషన్ ఆగిపోతోంది. వచ్చిన మనిషి డిస్‌ప్లే మీద ఎర్రర్ చూశాడు, కవర్ మీద చెయ్యి కూడా వేయలేదు, బోర్డుకి తొమ్మిది వేలు అన్నాడు. పెద్దాయన నాకు ఫోన్ చేసి, "ఏటి బాబూ, మిషన్ కొన్నదే ముప్పై వేలు కదా" అన్నారు. ఆ గొంతు విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

వెళ్లి నాలుగు స్క్రూలు విప్పాను. ఆ బోర్డు మీద మూడు చిన్న లైట్లున్నాయి. ఒకటి పవర్‌ది. ఒకటి పైనున్న కన్సోల్, అంటే బటన్లు, డిస్‌ప్లే ఉన్న భాగం నుంచి వచ్చే సిగ్నల్‌ది. మూడోది ఎర్రది, ఓవర్‌లోడ్‌ది. బెల్టు ఖాళీగా తిప్పితే మొదటి రెండూ వెలిగాయి. స్పీడు పెంచుతుంటే సిగ్నల్ లైటు వెలుగు కూడా పెరుగుతోంది, చూడండి! కన్సోల్ పంపేది పల్సులు, అంటే చకచకా ఆన్, ఆఫ్ అయ్యే సిగ్నల్. స్పీడు పెంచమంటే పల్సు ఎక్కువసేపు ఆన్‌లో ఉంటుంది, లైటు అంత కాంతిగా కనిపిస్తుంది. అంటే పైనుంచి అడుగుతున్నారు, కింద బోర్డు వింటోంది. ఇక పెద్దాయన్ని ఎక్కమన్నాను. మూడో అడుగుకి ఎర్ర లైటు. బెల్టు ఆగింది.

ఇది బోర్డు పోవడమా? కాదు, మోటారు కాలిపోకుండా బోర్డు కాపాడడం! కాపాడినందుకు దాన్నే పీకేసి చెత్తలో వేస్తామా?

బెల్టు కింద చెయ్యి పెట్టి చూశాను. గోనెసంచి తడిమినట్టు గరుకుగా ఉంది. కొన్నప్పటి నుంచి ఒక్క చుక్క నూనె పడలేదు. బెల్టు, దాని కింది చెక్క రాసుకుంటుంటే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, పైన మనిషి బరువు పడితే ఇంకా లాగుతుంది. సిలికాన్ నూనె వేసి, బెల్టు కాసేపు ఖాళీగా తిప్పి, మళ్లీ ఎక్కించాం. ఎర్ర లైటు రాలేదు. ఇరవై నిమిషాలు నడిచారు. దయచేసి కొబ్బరినూనె మాత్రం పోయకండి, పోసినవాళ్ల బెల్టులు చూశాను.

ఇక నా గట్టి నమ్మకం ఒకటి చెబుతాను, ఎవరేమన్నా సరే. మన ఊళ్లో ఈ మిషన్లకి ఇద్దరు శత్రువులు: ఎండిన బెల్టు, ఉప్పు గాలి. సముద్రం వైపు ఇళ్లలో కిటికీ గ్రిల్స్‌కి మాటిమాటికీ పెయింటు వేస్తాం, ఏసీ బయటి యూనిట్ తుప్పు పట్టిందని గోల పెడతాం. మరి అదే బాల్కనీలో పెట్టిన ట్రెడ్‌మిల్ లోపలి పిన్నులకి ఆ గాలి తగలదా? సిగ్నల్ లైటు అసలు వెలగకపోతే నేను బోర్డు ముట్టుకోను. ముందు కనెక్టర్లలో చిలుము చూస్తాను. తర్వాత మిషన్ మడిచే కీలు దగ్గర వైరు నలిగిందేమో చూస్తాను. అప్పుడే కన్సోల్ సంగతి. బెల్టు కొన్ని సెకన్లు తిరిగి తనంతట తానే ఆగిపోతే స్పీడ్ సెన్సర్ చూడండి, పుల్లీ మీది అయస్కాంతానికి దూరం జరిగి ఉండొచ్చు.

బోర్డు నిజంగా పోయే సందర్భాలూ ఉన్నాయి. స్టార్ట్ నొక్కగానే బెల్టు ఒక్కసారిగా ఫుల్ స్పీడులో దూసుకుపోతే బోర్డులో మోటారుకి కరెంటు వదిలే పవర్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయి ఉండొచ్చు. ఆ మిషన్ ఎవ్వరూ ఎక్కకండి, వెంటనే ప్లగ్ తీసేయండి. పవర్, సిగ్నల్ రెండూ వెలిగి, ఎర్ర లైటు రాకుండా, మోటారు కదలకపోతే మోటారు లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగాయేమో చూసి, ఆ తర్వాతే బోర్డుని అనుమానించండి. అన్ని బోర్డులకీ మూడు లైట్లుండవు. కొన్నిటికి ఒక్కటే, మిణుకుమిణుకుమంటుంది. ఆ మిణుకుల అర్థం కంపెనీకో రకం, మీ మోడల్ మాన్యువల్ చూడాల్సిందే.

ఒక్క విషయంలో మాత్రం తొందర వద్దు. మన ఇంటి 230 వోల్టులు చాలా బోర్డుల్లో డీసీగా మారాక 325 దాకా ఉంటాయి. ప్లగ్ తీశాక కూడా కెపాసిటర్లలో ఛార్జ్ నిలిచి ఉంటుంది. లైటు ఆరిపోయినంత మాత్రాన వేలు పెట్టొద్దు. కవర్ తీసి లైట్లు కళ్లతో చూడండి, అంతే. మీటర్ పట్టే పని తెలిసినవాళ్లకి వదిలేయండి.

రిపేరు అన్నలూ, మీ మీద నాకు కోపం లేదు. ఒక్కటే అడుగుతున్నాను. ఆ ఇంటివాళ్లని పక్కన నిలబెట్టుకుని కవర్ తీయండి. ఏ లైటు వెలిగిందో, ఏది వెలగలేదో చూపించండి. అప్పుడు చెప్పండి మీ రేటు.