ఆ నోడ్ బతికే ఉందని మాస్టర్‌కి ఎవరు చెప్పారు?

ఎనిమిది మెషీన్లు కలిసి డేటా దాచే క్లస్టర్ మాది, అందులో ఒక్కో మెషీన్‌ని నోడ్ అంటాం, ఏ నోడ్ ఉందో ఏది లేదో లెక్క రాసుకునేది మాస్టర్. దానికి తొమ్మిదో మెషీన్ తెచ్చి పెట్టాం, ఆన్ చేశాం, దాని లాగ్ తెరిస్తే ఎక్కడా ఎర్రర్ లేదు, మాస్టర్ దగ్గర రిజిస్టర్ అయ్యానని అదే చెబుతోంది. మాస్టర్ పేజీకి వెళ్లి చూస్తే మాత్రం లైవ్ నోడ్లు ఎనిమిదే. రిఫ్రెష్ కొట్టాం, ఎనిమిదే. కాసేపాగి మళ్లీ చూశాం. లెక్క మారలేదు కానీ ఈసారి లిస్టులో కొత్త మెషీన్ పేరుంది, నిన్నటిదాకా ఉన్న పాత మెషీన్ ఒకటి లేదు! ఇంకోసారి కొడితే పాతది తిరిగొచ్చింది, కొత్తది పోయింది.

ఆ రోజు పడ్డ టెన్షన్ నాకు ఇంకా గుర్తుంది, ఎందుకంటే పోయి వస్తున్న ఆ పాత నోడ్‌లో మాకు కావలసిన డేటా ఉంది. అప్పటివరకు నోడ్ల రికార్డు అంటే ఏదో హాజరు పట్టీ లాంటిది, దానంతటదే నడిచిపోతుంది అనుకునేవాణ్ని. ఆ తర్వాతే కూర్చుని అసలు ఆ పట్టీలో ఏ గడి ఎవరు నింపుతారు, ఎవరి మాట చెల్లుతుంది, పేరు ఎప్పుడు కొట్టేయాలి అని మొదటి నుంచి చదివాను. ఈ వీడియో దాని గురించే. ఉదాహరణలు ఎక్కువగా హడూప్‌లో ఉండే హెచ్‌డీఎఫ్‌ఎస్ నుంచి, అంటే ఫైళ్లని చాలా మెషీన్ల మీద పంచి దాచే ఫైల్ సిస్టమ్ నుంచి ఇస్తాను, నేను రోజూ చేసే పని అందులోనే కాబట్టి. మధ్యలో అలాంటి పనే చేసే సెఫ్ అనే ఇంకో సిస్టమ్ కూడా వస్తుంది.

తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. హెచ్‌డీఎఫ్‌ఎస్‌లో మాస్టర్‌ని నేమ్‌నోడ్ అంటారు, డేటా దాచే మెషీన్లని డేటానోడ్లు అంటారు. పెద్ద ఫైల్‌ని 128 ఎంబీ బ్లాకులుగా కోసి, ఒక్కో బ్లాక్‌కి 3 కాపీలు వేర్వేరు నోడ్ల మీద పెడతారు. ఇవి మామూలుగా వచ్చే సెట్టింగులు, కావాలంటే మార్చుకోవచ్చు.

ఇప్పుడు చాలామందికి తట్టని విషయం చెప్తాను. ఏ ఫైల్‌లో ఏ బ్లాకులున్నాయో నేమ్‌నోడ్ తన డిస్క్ మీద జాగ్రత్తగా రాసుకుంటుంది. కానీ ఏ బ్లాక్ ఏ మెషీన్ మీద ఉందో మాత్రం డిస్క్ మీద ఎక్కడా రాసుకోదు, అది మెమరీలోనే ఉంటుంది. నేమ్‌నోడ్‌ని ఆపి మళ్లీ స్టార్ట్ చేశారనుకోండి, ఫైళ్ల పేర్లన్నీ దానికి తెలుసు, అవి ఎక్కడున్నాయో ఒక్కటీ తెలీదు. అందుకే సేఫ్ మోడ్‌లో కూర్చుని, డేటానోడ్లు ఒక్కొక్కటే వచ్చి నా దగ్గర ఇవి ఉన్నాయి అని చెప్పేదాకా ఎదురుచూస్తుంది, 99.9 శాతం బ్లాకుల ఆచూకీ తెలిసేదాకా ఒక్క మార్పు కూడా చేయనివ్వదు.

ఇది బద్ధకం కాదు, తెలిసి చేసిన పని. దీనికి మూలం గూగుల్ ఫైల్ సిస్టమ్ గురించి 2003లో వచ్చిన పేపర్‌లో ఉంది. వాళ్లు మొదట్లో ఆ ఆచూకీలన్నీ మాస్టర్ దగ్గరే శాశ్వతంగా రాసిపెట్టాలని చూశారు, తర్వాత మానేశారు. ఎందుకంటే మెషీన్లు పడిపోతుంటాయి, పేర్లు మారుతుంటాయి, రీస్టార్ట్ అవుతుంటాయి, డిస్క్ చెడిపోయి దాని మీదున్నవన్నీ ఒక్కసారిగా మాయమవుతాయి. అలాంటప్పుడు మాస్టర్ పుస్తకంలో రాసింది ఒకటి, డిస్క్ మీద ఉన్నది ఒకటి. నా డిస్క్ మీద ఏముందో లేదో చెప్పడంలో చివరి మాట నాదే అనే హక్కు నోడ్‌కే ఉంటుంది, కాబట్టి మాస్టర్ అడిగి తెలుసుకోవడమే సులువు అని తేల్చారు. నాకైతే ఈ మొత్తం సబ్జెక్టులో ఇంతకంటే మంచి నిర్ణయం కనపడలేదు. మాస్టర్ దగ్గరున్నది సత్యం కాదు, చివరిసారి విన్న మాట. ఈ ఒక్కటి మనసులో పెట్టుకుంటే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది.

మరి ఆ మాట ఎంతసేపు చెల్లుతుంది? ప్రతి డేటానోడ్ 3 సెకన్లకోసారి హార్ట్‌బీట్ పంపుతుంది, నేను ఉన్నాను అని. 6 గంటలకోసారి తన దగ్గరున్న బ్లాకుల పూర్తి జాబితా పంపుతుంది, మధ్యలో కొత్తగా వచ్చినవి, పోయినవి ఎప్పటికప్పుడు చెబుతూనే ఉంటుంది. ఇంకో సంగతి, నేమ్‌నోడ్ తనంతట తాను డేటానోడ్‌ని పిలవదు. ఈ బ్లాక్ చెరిపెయ్, ఆ బ్లాక్ అక్కడికి కాపీ చెయ్ అని చెప్పాల్సినవన్నీ హార్ట్‌బీట్‌కి ఇచ్చే జవాబులోనే పెట్టి పంపుతుంది. కాబట్టి హార్ట్‌బీట్ ఆగిందంటే కబురు రావడమే కాదు, కబురు పంపే దారి కూడా మూసుకుపోయినట్టే.

30 సెకన్లు హార్ట్‌బీట్ రాకపోతే ఆ నోడ్‌ని స్టేల్ అని గుర్తు పెట్టుకుంటుంది, అంటే అనుమానం మొదలైంది. సెట్టింగ్ పెట్టుకుంటే చదివేవాళ్లని అలాంటి నోడ్ దగ్గరికి ఆఖరున పంపుతుంది. చచ్చిపోయింది అని తేల్చేది మాత్రం 10 నిమిషాల 30 సెకన్లకి. ఈ వింత అంకె ఎక్కడిదంటే, 5 నిమిషాల తనిఖీ గడువుకి రెట్టింపు, దానికి 10 హార్ట్‌బీట్ల సమయం అంటే 30 సెకన్లు కలుపుతారు. అంతసేపు ఎందుకు అని కొత్తవాళ్లందరూ అడుగుతారు, నేనూ అడిగాను. లెక్క వేసి చూడండి. 40 టెరాబైట్ల డేటా ఉన్న నోడ్ అంటే నిండు బ్లాకులైనా దాదాపు 3 లక్షలు. అది చచ్చిపోయింది అనగానే ఆ 3 లక్షల బ్లాకులకి మళ్లీ కాపీలు తీయడం మొదలవుతుంది, నెట్‌వర్క్ మొత్తం దాని మీదే పడుతుంది. మామూలు రీస్టార్ట్‌కి కూడా ఇదంతా జరిగితే క్లస్టర్ నిలబడదు. అందుకే ఆ గడువుని ఒక నిమిషానికో రెండు నిమిషాలకో తగ్గించాలని మీ టీమ్‌లో ఎవరైనా అంటే గట్టిగా అడ్డుపడండి.

ఇక మా ఎనిమిదో తొమ్మిదో గొడవకి వద్దాం.

డేటానోడ్‌లో డేటా డైరెక్టరీ లోపల కరెంట్ అనే ఫోల్డర్ ఉంటుంది, అందులో వెర్షన్ అనే చిన్న టెక్స్ట్ ఫైల్. తెరిస్తే కొన్ని లైన్లే ఉంటాయి. క్లస్టర్ ఐడీ, స్టోరేజ్ ఐడీ, లేఅవుట్ వెర్షన్, వాటి మధ్య డేటానోడ్ యూయూఐడీ అని పొడుగాటి అక్షరాల వరస. ఆ యూయూఐడీయే ఆ నోడ్‌కి పుట్టుమచ్చ. ఐపీ అడ్రస్ మారినా, హోస్ట్‌నేమ్ మారినా, నేమ్‌నోడ్ గుర్తుపట్టేది దీన్ని చూసే. మొదటిసారి స్టార్ట్ అయినప్పుడు నోడ్ తనే దాన్ని పుట్టించుకుని ఈ ఫైల్‌లో రాసుకుంటుంది.

మేమేం చేశామంటే, కొత్త మెషీన్‌ని మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసే ఓపిక లేక, బాగా నడుస్తున్న పాత నోడ్ డిస్క్ ఇమేజ్ తీసి దాని మీద దించేశాం. డేటా డైరెక్టరీ కూడా ఆ ఇమేజ్‌లోకి వచ్చేసిందని ఎవరూ చూసుకోలేదు. దాంతో రెండు మెషీన్లు, ఒకే పుట్టుమచ్చ! కొత్తది వెళ్లి రిజిస్టర్ అవగానే నేమ్‌నోడ్ ఏమనుకుంది? ఓహో, ఆ పాత నోడే అడ్రస్ మార్చుకుని వచ్చింది అనుకుని రికార్డులో అడ్రస్ దిద్దేసింది. మూడు సెకన్లలో పాతది హార్ట్‌బీట్ పంపింది. నీ అడ్రస్ నా రికార్డుతో కలవడం లేదు, మళ్లీ రిజిస్టర్ చేసుకో అంది. అది చేసుకుంది, అడ్రస్ మళ్లీ మారింది. తర్వాత కొత్తదాని వంతు. నేమ్‌నోడ్ లాగ్‌లో ఫలానా నోడ్ స్థానంలో ఫలానా నోడ్ వచ్చింది అనే అర్థమిచ్చే లైన్ వరసగా పడుతూనే ఉంది, మేమేమో కొత్త మెషీన్ లాగ్ మాత్రమే చూస్తూ కూర్చున్నాం. ఇలాంటి గొడవలో ముందు తెరవాల్సింది మాస్టర్ లాగ్.

విషయం తెలిశాక మా టీమ్‌లో అందరి మొదటి ఆలోచన కొత్త మెషీన్ డైరెక్టరీ చెరిపేద్దాం అనే. దయచేసి ఆ తొందర పడకండి. ఆ కాసేపట్లో కొత్తదాని అడ్రస్ రికార్డులో ఉన్న క్షణాల్లో ఎవరైనా ఫైల్ రాసి ఉంటే, ఆ బ్లాక్ నిజంగానే కొత్త మెషీన్ మీద పడి ఉండొచ్చు. మేము ముందు కొత్తదాన్ని ఆపాం, చెరపలేదు. పాతదాన్ని రీస్టార్ట్ చేసి అది పూర్తి బ్లాక్ రిపోర్ట్ ఇచ్చేదాకా ఆగాం. బ్లాకులన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో తనిఖీ చేసే ఎఫ్ఎస్‌సీకే కమాండ్ నడిపి, దొరకని బ్లాక్ ఒక్కటి కూడా లేదని చూసుకున్నాం. అప్పుడే కొత్తదాని డేటా డైరెక్టరీలన్నీ ఖాళీ చేసి స్టార్ట్ చేశాం. తనకంటూ కొత్త యూయూఐడీ పుట్టించుకుంది, లైవ్ నోడ్లు తొమ్మిది అయ్యాయి.

ఇది హెచ్‌డీఎఫ్‌ఎస్ ఒక్కదానికే కాదు. గ్లస్టర్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్‌లో కూడా ప్రతి సర్వర్ తన యూయూఐడీని ఒక చిన్న ఫైల్‌లో దాచుకుంటుంది, వర్చువల్ మెషీన్‌ని క్లోన్ చేస్తే అక్కడా ఇదే తలనొప్పి. క్లోన్ చేయడం తప్పు కాదు, ఆనవాలు ఫైల్ తీసేయకుండా క్లోన్ చేయడం తప్పు.

రెండో పెద్ద గందరగోళం, చచ్చిపోయిన నోడ్‌కీ తీసేసిన నోడ్‌కీ తేడా చూడకపోవడం. చచ్చిపోయింది అనేది మాస్టర్ ఊహ. తీసేశాం అనేది మన నిర్ణయం. ఈ రెండింటినీ ఒకే గడిలో రాస్తే తర్వాత ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఈ విషయంలో సెఫ్ పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. అక్కడ డేటా దాచే ప్రతి ఓఎస్‌డీకి రెండు వేర్వేరు స్విచ్‌లు. అప్ లేదా డౌన్ అనేది నడుస్తోందా లేదా అని. ఇన్ లేదా అవుట్ అనేది డేటా పంపకంలో దానికి వాటా ఉందా లేదా అని. డౌన్ అయినంత మాత్రాన అవుట్ కాదు, మామూలు సెట్టింగ్‌లో 600 సెకన్లు ఆగి అప్పుడు అవుట్ చేస్తుంది. మెయింటెనెన్స్‌కి పది నిమిషాలు చాలకపోతే నోఅవుట్ అనే జెండా పెట్టి పని చూసుకోవచ్చు, పని అయ్యాక ఆ జెండా తీయడం మాత్రం మర్చిపోకూడదు. పైగా ఏ ఓఎస్‌డీ ఏ స్థితిలో ఉందో చూపే మ్యాప్ ఒకటి ఉంటుంది, అది మారిన ప్రతిసారీ ఎపోక్ నంబర్ ఒకటి పెరుగుతుంది, కాబట్టి ఇద్దరి దగ్గర రెండు మ్యాపులుంటే ఏది కొత్తదో వాదన అక్కర్లేదు.

హెచ్‌డీఎఫ్‌ఎస్‌లో నోడ్‌ని మర్యాదగా పంపించే పద్ధతి డీకమిషన్. తీసేయాల్సిన నోడ్ల పేర్లు ఉండే ఎక్స్‌క్లూడ్ ఫైల్‌లో దాని పేరు రాసి, రిఫ్రెష్ నోడ్స్ కమాండ్ ఇస్తే, ఆ నోడ్ డీకమిషన్ జరుగుతోంది అనే స్థితిలోకి వెళ్తుంది. అది నడుస్తూనే ఉంటుంది, దాని మీదున్న బ్లాకులకి వేరేచోట కాపీలు పూర్తవుతుంటాయి, అన్నీ అయ్యాక డీకమిషన్ అయింది అని చూపిస్తుంది. అప్పుడు ఆపాలి. నేను చూసిన చాలామంది ఈ మధ్య స్థితిలో విసుగొచ్చి ప్రాసెస్ ఆపేస్తారు. రెండు నోడ్లని ఒకేసారి తీస్తూ అలా ఆపితే, కొన్ని బ్లాకులకి మిగిలేది ఒక్క కాపీయే, ఆ ఒక్కటి ఉన్న డిస్క్ ఆ రోజే పోదని ఎవరు చెప్పగలరు?

ఆలస్యం అవుతోందంటే దానికో కారణం ఉంటుంది, అది వెతకండి. మొత్తం మూడే నోడ్లున్న క్లస్టర్‌లో కాపీలు 3 అని పెట్టి ఒకదాన్ని డీకమిషన్ చేస్తే అది ఎప్పటికీ పూర్తి కాదు, మూడో కాపీ పెట్టడానికి ఇంకో నోడ్ లేదు కదా. కొన్నిసార్లు ఎవరో రాస్తూ మూయకుండా వదిలేసిన ఫైల్ అడ్డుపడుతుంది.

చచ్చిపోయిందనుకున్న నోడ్ గంట తర్వాత తిరిగొస్తే ఏమవుతుందని అడుగుతారు. కంగారు అక్కర్లేదు. ఈలోపు వేరేచోట కొత్త కాపీలు తయారయ్యాయి కాబట్టి కొన్ని బ్లాకులకి 3 బదులు 4 ఉంటాయి, నేమ్‌నోడ్ ఎక్కువైనది చూసి ఒకటి చెరిపిస్తుంది. అది లేనప్పుడు మారిన బ్లాక్ పాత కాపీతో వస్తే, జనరేషన్ స్టాంప్ అనే అంకె పాతది ఉంటుంది, దాన్ని బట్టి పట్టేసి పక్కన పెడుతుంది.

చివరిగా, మనం చేత్తో రాసే ఆ ఎక్స్‌క్లూడ్ ఫైల్ గురించి. దాన్ని ఎవరూ శుభ్రం చేయరు. ఎప్పుడో తీసేసిన మెషీన్ ఐపీ అందులో అలాగే ఉంటుంది, ఏడాది తర్వాత కొత్త మెషీన్‌కి అదే ఐపీ వస్తుంది, అది రిజిస్టర్ అవగానే ఎవరూ చెప్పకుండానే డీకమిషన్ మొదలవుతుంది, మనం నెట్‌వర్క్‌ని అనుమానిస్తూ పూటంతా తిరుగుతాం. ఆ ఫైల్‌లో హ్యాష్ గుర్తు పెడితే దాని తర్వాత రాసింది కామెంట్ కింద వదిలేస్తుంది. మా దగ్గర ఇప్పుడు ప్రతి పేరు పక్కన హ్యాష్ పెట్టి, ఏ తేదీన రాశామో, ఎందుకో, ఎవరు రాశారో పెడుతున్నాం. నోడ్ డీకమిషన్ పూర్తయి, మెషీన్ ఆపేసి, ఎఫ్ఎస్‌సీకే శుభ్రంగా వచ్చిన తర్వాత ఆ లైన్ తీసేసే పని కూడా రాసినవాళ్లదే.