ఆరింటికి ఇంటికి వెళ్తే పదోన్నతి రాదా?

(పాల్గొన్నవారు: ఒక సంస్థ మాజీ డైరెక్టరు, మానవ వనరుల విభాగం అధిపతి, కార్మిక చట్టాల న్యాయవాది)

సంధానకర్త: 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారు 90 గంటలన్నారు. నేను సూటిగా అడుగుతున్నాను. సాయంత్రం ఆరింటికి సంచి సర్దుకునేవాళ్లు నాయకులు కాగలరా?

మాజీ డైరెక్టరు: కాలేరు. ముప్పై ఏళ్లు చూశానండి. నా దగ్గర పైకి వచ్చినవాళ్లలో గడియారం చూసినవాళ్లు ఒక్కరూ లేరు.

మానవ వనరుల అధిపతి: గడియారం చూడకుండా పనిచేసి, ఉన్నచోటే ఉండిపోయినవాళ్లను కూడా లెక్కపెట్టారా?

మాజీ డైరెక్టరు: వాళ్లకు నైపుణ్యం చాలలేదు.

మానవ వనరుల అధిపతి: అంటే మిగతావాళ్లను పైకి తెచ్చింది నైపుణ్యమే కదా సార్, గంటలు కాదు...

సంధానకర్త: మేడమ్, ఆరింటికి వెళ్లేవాళ్ల సంగతి చెప్పండి.

న్యాయవాది: ముందు చట్టం చూద్దాం. 1948 ఫ్యాక్టరీల చట్టం నుంచీ మన హద్దు వారానికి 48 గంటలు. తెలంగాణ 2025 జులైలో వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటలు అనుమతించినా, ఆ 48ని మార్చలేదు. కానీ మేనేజరు హోదా రాగానే ఈ రక్షణ చాలావరకు వర్తించదు. పదోన్నతి లేఖలో జీతం ఒక్కటే చూసి సంతకం పెట్టకండి...

మాజీ డైరెక్టరు: చట్టాలతో కంపెనీలు పెరగవండి! యుద్ధం తర్వాత జపాన్ ఎలా లేచింది?

న్యాయవాది: అదే జపాన్‌లో అతిపనితో వచ్చే చావుకు 'కరోషి' అని పేరు పెట్టుకున్నారు. 2018లో ఓవర్‌టైముకు చట్టంతో హద్దు గీశారు.

మాజీ డైరెక్టరు: అది వేరే చర్చ. ఇప్పటివాళ్లు గచ్చిబౌలి ట్రాఫిక్ అంటారు. మేము బస్సుల్లో వేలాడుతూ వెళ్లాం.

సంధానకర్త: ట్రాఫిక్ మంచి అంశమే. ఆరింటికి బయలుదేరితే ఎన్నింటికి చేరతారు?

మానవ వనరుల అధిపతి: దయచేసి నన్ను పూర్తిచేయనివ్వండి. కొత్త పని మీద పడినప్పుడు 'కుదరదు' అనకండి. చేతిలో ఉన్న పనులు చెప్పి, 'ఇది ముందు చేస్తే వీటిలో దేన్ని వచ్చే వారానికి జరపమంటారు?' అని అడగండి. ఆ జవాబు మెయిల్‌లో ఉంచుకోండి. లీడరైనవాళ్లు ప్రతి ఫైలూ తామే ముట్టుకోవడం మానాలి. కింది వాళ్లకు పని నేర్పకపోతే...

మాజీ డైరెక్టరు: పని ఇచ్చినప్పుడు ఎదురు ప్రశ్న వేసినవాళ్లను నేను గుర్తుపెట్టుకుంటాను. మంచిగా మాత్రం కాదు. గడియారం చూసేవాళ్లు పైకి రారు, మళ్లీ చెబుతున్నాను!

న్యాయవాది: ఒక్క మాట, ఆ 48 గంటల...

సంధానకర్త: సమయం లేదండీ. డైరెక్టరు గారూ, చివరి మాట మీదే.

మాజీ డైరెక్టరు: మొదటి పదేళ్లు 70 గంటలు. తర్వాత మీ ఇష్టం.

మానవ వనరుల అధిపతి: ఆ పదేళ్లలోనే పిల్లలు పుడతారు సార్. అప్పుడు ఇంట్లో ఆడవాళ్ల ఉద్యోగం...

సంధానకర్త: చిన్న విరామం.