నయాగరా తర్వాత చూద్దాం, ముందు డెట్రాయిట్ వెళ్దాం

అందరికీ నమస్కారం. పెద్దలకు, పిల్లలకు, వెనక వంటల దగ్గర నిలబడి వింటున్నవాళ్ళకు కూడా. వేదిక మీదున్నవారి పేర్లన్నీ ఇందాకే చెప్పారు కాబట్టి మళ్ళీ చదవను. నాకిచ్చిన అంశం "వేసవిలో పిల్లలతో చూడదగ్గ ప్రదేశాలు". చెబుతాను. దాని వెనక ఒక బాధ ఉంది, ముందు అది చెప్పనివ్వండి.

మే నెల రాగానే ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తారు. ఒకసారి నయాగరా చూపిస్తాం, ఒకసారి షికాగో, శని ఆదివారాలు గుడి. మిగతా రోజులన్నీ వాళ్ళు మన మిషిగన్‌లో డెట్రాయిట్ శివార్లలోని నోవైలోనో కాంటన్‌లోనో ట్రాయ్‌లోనో కిటికీ పక్కన కూర్చుని, మనం ఆఫీసు నుంచి ఎప్పుడొస్తామా అని చూస్తుంటారు. కాస్త ట్రాఫిక్ ఉన్నా ముప్పావుగంటలో వెళ్ళిపోయే డెట్రాయిట్‌కి మాత్రం తీసుకెళ్ళం. ఎందుకంటే "అమ్మో డౌన్‌టౌనా, పిల్లలతోనా" అంటాం.

ఆ భయం ఊరికే పుట్టలేదు. 1950లో 18.5 లక్షల జనం ఉన్న ఊరు 2020 నాటికి 6.4 లక్షలకు పడిపోయింది. 2013 జూలైలో నగరం దివాలా తీసింది. అప్పులవాళ్ళ చూపు నగర మ్యూజియంలోని చిత్రాలు, శిల్పాల మీద పడింది, అమ్మి బాకీ తీర్చమన్నారు. అప్పుడు ఫౌండేషన్లు, రాష్ట్ర ప్రభుత్వం, దాతలు కలిసి 80 కోట్ల డాలర్లకు పైగా పోగుచేశారు. దాంతో రిటైరైన నగర ఉద్యోగుల పింఛన్ల కోత తగ్గింది, బొమ్మ ఒక్కటి కూడా బయటికి పోలేదు. 2014 డిసెంబరుకల్లా ఊరు దివాలా నుంచి బయటపడింది. మన భయం మాత్రం ఇంకా 2013లోనే ఆగిపోయింది.

ఆ మ్యూజియమే డెట్రాయిట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్ట్స్. వేన్, ఓక్లండ్, మెకోంబ్ కౌంటీల్లో ఉండేవాళ్ళకు మామూలు ప్రవేశం ఉచితం. ఇది ఎవరో దయతలచి ఇచ్చింది కాదండీ. 2012లో ఓటు వేసి, మన ఇంటి పన్నులోనే దీనికి భాగం పెట్టారు. అంటే ఇల్లున్న ప్రతివాళ్ళూ ఏటా టికెట్టు కొంటూనే ఉన్నారు, వెళ్ళడమే లేదు! అద్దెకుండేవాళ్ళకూ ఉచితమే, చిరునామా ఉన్న లైసెన్సు చూపిస్తే చాలు. యాన్ ఆర్బర్ వాళ్ళది వాష్టెనా కౌంటీ కనుక టికెట్టు కొనాలి. సోమవారం సెలవు.

అక్కడ చాలామంది చేసే పొరపాటు, వచ్చాం కదా అని వందకు పైగా ఉన్న గ్యాలరీలన్నీ తిప్పడం. నలభై నిమిషాలకు పిల్లవాడు నేల మీద కూర్చుంటాడు, నాన్నగారికి మోకాళ్ళు పట్టేస్తాయి. మళ్ళీ జన్మలో రామంటారు. రెండే చూడండి. ఒకటి, చోళుల కాలపు పార్వతి కంచు విగ్రహం. అమ్మకు అది చూపించి పక్కకు తప్పుకోండి, ఆవిడే పిల్లలకు చెప్పుకుంటుంది. రెండోది రివేరా కోర్ట్.

ఈ రెండోదాని దగ్గర కాసేపు ఆగుతాను. మెక్సికో చిత్రకారుడు డియేగో రివేరా 1932లో మొదలుపెట్టి 1933 మార్చిలో ముగించిన 27 చిత్రాలు, నాలుగు గోడల నిండా. గోడకు ఆ రోజు వేయగలిగినంత మేరే తడి సున్నం పూయాలి, ఆరేలోపు రంగు వేసేయాలి. రంగు సున్నంలోకి ఇంకి గోడలో భాగమైపోతుంది. ఆలస్యమైతే ఆ ముక్క గీకేసి మళ్ళీ పూయాల్సిందే. ఉత్తరం గోడ మీద ఫోర్డ్ వీ8 ఇంజిన్ బ్లాక్ తయారవుతుంటుంది, దక్షిణం గోడ మీద కారు బాడీ. పిల్లలకు పని పెట్టండి: టీకా వేయించుకుంటున్న పాపాయి ఎక్కడుంది? ఆ పాపాయి ముందు ఏయే జంతువులున్నాయి? అదే గోడకు ఇంకో పక్క విషవాయువు బాంబులు చేస్తున్నవాళ్ళెవరు? చైను లాగుతున్న మనుషుల వీపులు ఎలా వంగాయో చూడమనండి. ఈ హాల్లో సగం మంది ఫోర్డ్‌లోనో, జనరల్ మోటార్స్‌లోనో, వాళ్ళకు విడిభాగాలు చేసే కంపెనీల్లోనో పనిచేస్తున్నారు. "అమ్మ ఆఫీసులో ఏం చేస్తుంది" అని పిల్లలు అడిగితే ల్యాప్‌టాప్ చూపిస్తున్నాం. ఆ గోడ చూపించండి!

సరే, బెల్ ఐల్. డెట్రాయిట్ నది మధ్యలో 982 ఎకరాల దీవి, 2014 నుంచి స్టేట్ పార్కు. మిషిగన్ కారుకు ప్లేటు రెన్యువల్‌లో రిక్రియేషన్ పాస్‌పోర్ట్, అంటే స్టేట్ పార్కుల ప్రవేశ రుసుము, కట్టి ఉంటే చాలు. ప్లేటు స్టిక్కర్ మీద చిన్న 'పి' అక్షరం ఉందో లేదో ఇవాళ పార్కింగ్‌లోనే చూసుకోండి. అక్కడి అక్వేరియం 1904 నాటిది, ఆకుపచ్చ పెంకుల కమాను కప్పు, ప్రవేశం ఉచితం. 2005లో మూసేస్తే 2012లో వాలంటీర్లు మళ్ళీ తెరిచారు. వారమంతా ఉండదు, శుక్ర, శని, ఆదివారాలు చూసుకుని వెళ్ళండి. కార్లకు ఉన్నది ఒక్కటే వంతెన. ఎండాకాలం ఆదివారం దీవి నిండిపోతే గేటు దగ్గరే కార్లు ఆపేస్తారు. అందుకే పులిహోర డబ్బా పట్టుకుని మధ్యాహ్నం బయల్దేరకండి, పదింటికల్లా దీవిలో ఉండండి.

వంతెన అన్నాను కదా, ఇది మాత్రం అందరూ వినాలి. పిల్లలూ, ఒక్క నిమిషం. నోవై వైపు నుంచి ఐ-96 మీద వస్తే ఆ రోడ్డు చివర అంబాసిడర్ బ్రిడ్జి, అంటే కెనడా. "బ్రిడ్జ్ టు కెనడా" అని బోర్డు కనబడగానే ఆ లేను వదిలేయండి. జీపీఎస్ చెప్పేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం. డౌన్‌టౌన్‌లో జెఫర్సన్ రోడ్డు మీద, కెనడాలోని విండ్సర్‌కు వెళ్ళే టన్నెల్ దారీ అంతే. వంతెన ఎక్కాక యూ-టర్న్ లేదు. కెనడా అధికారులకు చెప్పుకుని, మళ్ళీ అమెరికా ఇమ్మిగ్రేషన్ దాటి రావాలి. విజిటర్ వీసా మీదున్న అమ్మానాన్నల పాస్‌పోర్టులు ఇంట్లో ఉంటే ఆ రెండు మూడు గంటలు ఎలా ఉంటాయో ఆలోచించండి. వంతెన ముందున్న టోల్ ప్లాజాలోకి వచ్చేసినా కంగారు పడొద్దు. టోల్ దగ్గర మనిషికి "తప్పు దారిలో వచ్చాం" అని చెప్పి, వాళ్ళు చెప్పినట్టు చేయండి.

ఆ వంతెనకు దగ్గర్లోనే మిషిగన్ సెంట్రల్ స్టేషన్. 1913లో తెరిచారు, 1988లో చివరి రైలు వెళ్ళింది. తర్వాత ముప్పై ఏళ్ళు శిథిలం. కిటికీలు, రాగి, పాలరాయి, దొరికినవన్నీ పట్టుకుపోయారు. 2018లో ఫోర్డ్ కొన్నది. కొన్న కొద్ది రోజులకే ఒక అజ్ఞాత ఫోను: స్టేషన్ గడియారం తిరిగి ఇచ్చేస్తాం, ఫలానా పాత భవనం గోడకు ఆనించి ఉంచాం, మనుషుల్ని పంపండి అని. వెళ్ళి చూస్తే దుప్పట్లలో భద్రంగా చుట్టి ఉంది. అన్నేళ్ళు దాచుకున్న మనిషి, ఊరు లేస్తోందని తెలియగానే ఇచ్చేశాడు! 2024 జూన్‌లో స్టేషన్ మళ్ళీ తెరిచారు. వెయిటింగ్ హాల్ కప్పుకు 29 వేల పెంకులుంటే, మార్చాల్సి వచ్చింది 1,300 మాత్రమే. తలెత్తి చూడండి.

డియర్‌బోర్న్ హెన్రీ ఫోర్డ్ మ్యూజియం మీకు తెలిసిందే. తెల్లవాళ్ళకు సీటు వదలనన్న నల్లజాతి మహిళ రోసా పార్క్స్ కూర్చున్న బస్సు ఎక్కి కూర్చోవచ్చు. పక్కనే ఉన్న ఆరుబయలు మ్యూజియం గ్రీన్‌ఫీల్డ్ విలేజ్ మాత్రం చలికాలం పగటిపూట ఉండదు, అది వేసవిలోనే పెట్టుకోండి. ఫోర్డ్ వాళ్ళ రూజ్ ట్రక్కుల ఫ్యాక్టరీ టూరుకు ఆదివారం బస్సులుండవు. ట్రక్కులు తయారవడం చూడాలంటే పనిరోజే వెళ్ళాలి.

చీటీ ఇచ్చారు, టైమైందట. రెండు మాటలు. టైగర్స్ బేస్‌బాల్, లయన్స్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న రోజు డౌన్‌టౌన్ పెట్టుకోకండి, పార్కింగ్ రేటు మండిపోతుంది. పిల్లల్ని పీపుల్ మూవర్ అనే చిన్న రైలు ఎక్కించండి, దాదాపు పావుగంటలో డౌన్‌టౌన్ చుట్టి మళ్ళీ ఎక్కిన చోటికే వస్తుంది.

అమ్మానాన్నలు ఇక్కడికి వచ్చి ఉన్నవాళ్ళు చేతులెత్తండి. ఇంతమందా! వచ్చే ఆదివారం పదిన్నరకు మ్యూజియం దగ్గర ఉంటాను. వుడ్‌వర్డ్ రోడ్డు వైపు మెట్లున్నాయి, పెద్దవాళ్ళను ఫార్న్స్‌వర్త్ వీధి గుమ్మం నుంచి తీసుకురండి. చక్రాల కుర్చీ అడిగితే ఉచితంగా ఇస్తారు. కారులో చోటు చాలనివాళ్ళు భోజనాల దగ్గర నాకు పేర్లివ్వండి.