భూమధ్యరేఖ పక్కన పెంగ్విన్లు ఏం చేస్తున్నాయి? కాయక్ మీద గాలాపాగోస్ పడమటి ఒడ్డు

[దృశ్యం: సముద్రం మీద నిటారుగా లేచిన గోధుమరంగు కొండగోడ. కింద రాతి అంచు మీద మోకాలెత్తు పెంగ్విన్. కాయక్ ముక్కు మెల్లగా ఫ్రేములోకి వస్తుంది.]

ఈ పెంగ్విన్ నిలబడ్డ చోటికి భూమధ్యరేఖ సుమారు 30 కిలోమీటర్లు. మంచు లేదు, మంచుగడ్డ లేదు, పైన ఎండ మాడు పగలగొడుతోంది. పెంగ్విన్ మాత్రం ఇది తన ఇల్లే అన్నట్టు నిలబడి ఉంది.

నిజంగానే దాని ఇల్లు. ఇది గాలాపాగోస్. ఈక్వడార్ తీరం నుంచి పడమరగా సుమారు 1000 కిలోమీటర్లు పోతే వచ్చే అగ్నిపర్వత దీవులు. వాటిలో అన్నిటికన్నా పెద్దది ఇసబెలా. దాని పడమటి ఒడ్డున ఉన్న చిన్న అఖాతం టేగస్ కోవ్.

గాలాపాగోస్ మొత్తం ఈ వీడియోలో చూపించను, అలాంటివి చాలానే ఉన్నాయి. ఈ ఒక్క ఒడ్డు వెంట తెడ్డు వేస్తూ, కనిపించే జంతువులు ఇక్కడే ఎందుకున్నాయో చూద్దాం. కారణం దాదాపు అన్నిటికీ ఒకటే. అది నీళ్ల కింద ఉంది.

[దృశ్యం: ఓడ పక్కన రబ్బరు మోటారు పడవ. లైఫ్ జాకెట్లు వేసుకున్నవాళ్లు ఒక్కొక్కరే కాయక్‌లోకి దిగుతున్నారు.]

ముందు కాయక్ సంగతి, అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ. ఎక్కువగా ఇద్దరు కూర్చునేవే ఇస్తారు. ముందున్నవాళ్లు వేగం పెడతారు, వెనకున్నవాళ్లు దారి చూస్తారు. భార్యాభర్తలు ఒకే కాయక్ ఎక్కితే, అది ఎవరి వల్ల వంకరగా పోతోందో తేల్చుకోవడానికే మొదటి పావుగంట సరిపోతుంది. తెడ్డును చేతులతోనే లాగితే భుజాలు పట్టేస్తాయి. నడుము తిప్పుతూ వేస్తే గంటసేపు హాయిగా వెళ్లొచ్చు.

కాయక్‌లో కూర్చుంటే మీ కళ్లు నీటికి మీటరు ఎత్తులో కూడా ఉండవు. ఇంజన్ చప్పుడు లేదు. పచ్చ తాబేలు తల పైకెత్తి ఫుస్సుమని ఊపిరి వదలడం వినిపిస్తుంది. మోటారు పడవలో ఇది దొరకదు. అందుకే ఈ ఒడ్డుకు కాయకే సరైన బండి అంటాను.

[దృశ్యం: యానిమేషన్. కదులుతున్న భూఫలకం, దాని కింద ఒకేచోట ఎర్రటి మచ్చ.]

ఇప్పుడు ఈ గోడ ఎలా వచ్చిందో చూద్దాం. భూమి లోతుల్లో ఒకచోట వేడి నిలకడగా పైకి తన్నుతూ ఉంటుంది. దాన్నే హాట్‌స్పాట్ అంటారు. దాని మీదుగా నాజ్కా అనే భూఫలకం, అంటే భూమి పైపెంకులోని ఒక పెద్ద ముక్క, తూర్పువైపు జరుగుతోంది, ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు. కుట్టుమిషన్‌లో సూది ఒకేచోట ఆడుతుంటే గుడ్డ జరిగి కుట్ల వరస పడినట్టు, ఇక్కడ దీవుల వరస పడింది. అందుకే తూర్పున ఉన్న ఎస్పన్యోలా, శాన్ క్రిస్టోబల్ ముసలి దీవులు, లక్షల ఏళ్లుగా అరిగిపోతున్నవి. పడమరన ఉన్న ఇసబెలా, ఫెర్నాండినా ఇంకా ఉడుకుతున్నవి.

ఇసబెలా ఒక్క అగ్నిపర్వతం కాదు, ఆరు కలిసిపోయిన దీవి. అందులో వోల్ఫ్ ఎత్తు సుమారు 1,700 మీటర్లు. అది 2015లో ఒకసారి, 2022లో మరోసారి పేలింది. ఎదురుగా ఉన్న ఫెర్నాండినాలో 2024 మార్చిలో లావా పారింది. వికారాబాద్, ఆదిలాబాద్ వైపు మనం చూసే నల్లరాయి కూడా గడ్డకట్టిన లావాయే, కానీ దాని వయసు సుమారు 6.6 కోట్ల ఏళ్లు. ఇక్కడ మన పిల్లల కన్నా చిన్నవైన రాళ్లు కూడా ఉన్నాయి.

టేగస్ కోవ్ గోడ మాత్రం లావా కాదు, గట్టిపడిన బూడిద. భూమి లోపలి కరిగిన రాయి, అంటే మాగ్మా, సముద్రపు నీటిని తాకి పేలినప్పుడు ఎగిరిన బూడిద పొర మీద పొరగా పేరుకుంది. కాయక్‌ను దగ్గరగా తీసుకెళ్తే ఆ పొరలు ఒక్కొక్కటీ కనిపిస్తాయి.

[దృశ్యం: యానిమేషన్. నీటి లోతున పడమటి నుంచి వచ్చే నీలి బాణం, దీవిని ఢీకొని పైకి లేస్తుంది.]

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. భూమధ్యరేఖ దగ్గర పసిఫిక్ పైనీళ్లు పడమటికి పోతాయి. వాటి కింద, లోతులో, దానికి ఎదురుగా తూర్పుకు మరో ప్రవాహం వస్తుంది. దాన్ని 1952లో గుర్తించిన టౌన్‌సెండ్ క్రోమ్‌వెల్ పేరే దానికి పెట్టారు. ఎంతో దూరం నుంచి అడ్డు లేకుండా వచ్చిన ఆ చల్లటి నీరు ఇసబెలా, ఫెర్నాండినాల గోడకు కొట్టుకుని పైకి లేస్తుంది. అడుగున పేరుకున్న పోషకాలను కూడా పైకి తెస్తుంది. దాంతో నాచు పెరుగుతుంది, చిన్న చేపలు చేరతాయి, వాటి వెనక తినేవాళ్లు వస్తారు.

పెంగ్విన్ బతికేది ఈ చేపల మీదే. గాలాపాగోస్ పెంగ్విన్లలో అత్యధిక భాగం ఈ రెండు దీవుల చుట్టే ఉంటాయి. ఇసబెలా ఉత్తరపు కొస భూమధ్యరేఖ దాటుతుంది కాబట్టి, ఉత్తరార్ధగోళంలో కాపురం ఉండే పెంగ్విన్ ఇదొక్కటే. నీళ్లు చల్లన, ఒడ్డు మంట. అందుకే గట్టు మీద కుక్కలా రొప్పుతుంది. రెక్కలు చాపి తన పాదాలకు తానే నీడ పట్టుకుంటుంది. గుడ్లు పెట్టేది రాళ్ల సందుల్లోని చల్లని చోట.

[దృశ్యం: చిరిగిన గొడుగులాంటి పొట్టి రెక్కలు ఆరబెట్టుకుంటున్న పెద్ద నల్లటి పక్షి.]

దాని పక్కన ఉన్నది ఎగరలేని నీటికాకి. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు, ఈ దీవుల్లో కూడా ఈ పడమటి వైపే. చేపలు కాళ్ల దగ్గరే దొరుకుతుంటే, నేల మీద వేటాడే జంతువు ఏదీ లేకపోతే, రెక్కలతో ఏం పని? ఎగరడానికి కావలసిన దానిలో మూడో వంతే మిగిలాయి. అయినా నీళ్లలోంచి రాగానే వాటిని చాపి ఆరబెట్టడం మానలేదు! తిండి బాగా దొరికే రోజుల్లో ఆడపక్షి పిల్లల్ని మగపక్షికి అప్పజెప్పి ఇంకో జోడు వెతుక్కుంటుంది.

ఇక రాయి అనుకుని మీరు దాటిపోయేది సముద్రపు ఇగ్వానా. సముద్రంలో మునిగి నాచు తినే బల్లి జాతి ప్రపంచంలో ఇదొక్కటే. ఒంట్లో చేరిన ఉప్పును ముక్కులోంచి పిచికారీలా తుమ్మేస్తుంది, కాబట్టి గాలి మీవైపు వీస్తుంటే నోరు మూసుకోండి. 1835లో ఇక్కడికి వచ్చిన డార్విన్ ఒక ఇగ్వానాను పదేపదే నీళ్లలోకి విసిరి చూశాడు. అది ప్రతిసారీ విసిరిన చోటికే ఈదుకొచ్చింది. ఇవాళ ఆ పని మీరు చేస్తే గైడు మిమ్మల్ని ఓడలో కూర్చోబెడతాడు.

ఈ ఏర్పాటంతా ఆ చల్లటి ప్రవాహం మీదే నిలబడింది. ఎల్ నీన్యో, అంటే కొన్నేళ్లకోసారి పసిఫిక్ నీళ్లు మామూలు కన్నా వేడెక్కడం, వచ్చిన ఏడాది ఆ ప్రవాహం బలహీనపడి నీళ్లు వేడెక్కుతాయి, చేపలు పోతాయి, నాచు పోతుంది. 1982–83లో పెంగ్విన్ల సంఖ్య నాలుగింట మూడొంతులకు పైగా పడిపోయింది. ఇగ్వానాలు చేసేది ఇంకా వింత: తిండి లేనప్పుడు వాటి శరీరం పొడవే తగ్గుతుంది, ఒక్కోసారి 20 శాతం దాకా. నాచు తిరిగొచ్చాక మళ్లీ పెరుగుతాయి.

[దృశ్యం: కొండగోడ మీద తెల్లరంగుతో రాసిన పాత ఓడల పేర్లు.]

ఈ రాతలు తిమింగలాల వేటగాళ్లవి, ఆ తర్వాత వచ్చిన నావికులవి. 1836 నాటివి కూడా ఉన్నాయి. ఇప్పుడు ఎవరైనా రాస్తే నేరం. 1959లో జాతీయ ఉద్యానవనం ఏర్పడింది, దీవుల నేలలో 97 శాతం దాని కిందే ఉంది. 1998లో చుట్టూ ఉన్న సముద్రాన్ని కూడా రక్షిత ప్రాంతం చేశారు.

అందుకే ఇలాంటి చోట మీ ఇష్టానికి కాయక్ దించలేరు. గుర్తింపు పొందిన గైడు ఉండాలి, అనుమతి ఉన్న చోటే తెడ్డు వేయాలి, ఓడ కూడా ముందే ఇచ్చిన దారిలోనే తిరగాలి. జంతువుకు 2 మీటర్ల దూరం పాటించాలి. సరే, సీల్ లాంటి సముద్రసింహం పిల్ల ఈ రూలు చదవలేదు, అదే వచ్చి మీ కాయక్ కింద గిరికీలు కొడుతుంది. అప్పుడు తెడ్డు ఒళ్లో పెట్టుకుని కదలకుండా ఉండండి. చేయి చాపొద్దు. వీటికి మనిషంటే భయం లేదు, ఆ భయం మనం నేర్పకూడదన్నదే ఇక్కడి గైడ్ల పట్టుదల.

[దృశ్యం: మ్యాప్. బాల్ట్రా విమానాశ్రయం నుంచి పడమటి దీవులకు గీత.]

వెళ్లాలనుకునేవాళ్లకు రెండు మాటలు. ఈక్వడార్‌లోని కీటో లేదా గుయాకిల్ నుంచి గాలాపాగోస్‌లోని బాల్ట్రా దీవికి విమానాలున్నాయి. టేగస్ కోవ్, ఫెర్నాండినా దూరం, రాత్రుళ్లు ప్రయాణించే క్రూయిజ్ ఓడలోనే చూడగలరు. అంత బడ్జెట్ లేకపోతే ఇసబెలా దక్షిణాన ఉన్న ప్యూర్టో విల్యామిల్ ఊళ్లో బస చేసి, గైడుతో దగ్గర్లోని లాస్ టింటోరెరాస్ అనే చిన్న దీవుల దాకా కాయక్ మీద వెళ్లొచ్చు. పెంగ్విన్లు అక్కడా కనిపిస్తాయి. ఉద్యానవనం ప్రవేశ రుసుము విదేశీయులకు 2024 ఆగస్టు నుంచి 200 డాలర్లు, 12 ఏళ్లలోపు పిల్లలకు 100.

జనవరి నుంచి మే దాకా సముద్రం నెమ్మదిగా, నీళ్లు వెచ్చగా ఉంటాయి. మొదటిసారి తెడ్డు పట్టేవాళ్లకు అదే మంచిది. జూన్ నుంచి నవంబరు దాకా మబ్బు, జల్లు, అలలు, కానీ చల్లటి నీళ్లలో తిండి ఎక్కువ కాబట్టి పక్షుల సందడి ఎక్కువ. పడవ కుదుపుకు వాంతులయ్యేవాళ్లయితే ఆగస్టు, సెప్టెంబరు మానుకోండి. ఈత రాకపోతే లైఫ్ జాకెట్ ఉంది కదా అని మొహమాటానికి కాయక్ ఎక్కొద్దు, గైడుకు ముందే చెప్పండి. మోటారు పడవలో కూర్చోబెట్టి ఇదే గోడ వెంట తిప్పుతారు, పెంగ్విన్ అక్కడి నుంచి కూడా కనిపిస్తుంది.