తేదీకి డేట్ టైపా, నంబరా?

నమస్కారం అండి. ఈ వీడియో అంతా ఒక్క కాలమ్ గురించే. డేటాబేస్‌లో తేదీని డేట్ టైప్‌లో పెట్టాలా, లేక 20240228 లాంటి ఎనిమిదంకెల ఇంటీజర్‌గా పెట్టాలా? రెండు రకాల టేబుల్స్‌తోనూ పని చేశాను. నా ఓటు డేట్ టైప్‌కే. ఎందుకో చూపిస్తాను.

స్క్రీన్ మీద చూడండి. 2024 ఫిబ్రవరి 28 నుంచి మార్చి 1 వరకు ఎన్ని రోజులు? అది లీపు సంవత్సరం కాబట్టి రెండు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ఒక డేట్ కాలమ్ లోంచి ఇంకోటి తీసివేస్తే రెండే వస్తుంది. అదే ఇంటీజర్లయితే, 20240301 లోంచి 20240228 తీసేస్తే 73! ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. ఆ 73 నేరుగా రిపోర్టులోకి వెళ్లిపోతుంది.

ఇప్పుడు 20230230 ఎక్కించి చూద్దాం. ఫిబ్రవరి 30 అన్నమాట. ఇంటీజర్ కాలమ్ మారుమాట లేకుండా తీసుకుంది. ఒక పాత సిస్టమ్ డేటా మారుస్తున్నప్పుడు ఇలాంటి వరుసలు నాకు చాలా తగిలాయి. అసలు తేదీ ఏమిటో చెప్పగలిగేవాళ్లు అప్పటికి ఎవరూ మిగల్లేదు. వాటిని పక్కన పెట్టేయక తప్పలేదు. ఎవరో కష్టపడి నమోదు చేసిన సమాచారం అలా పోవడం నాకు ఇప్పటికీ బాధే.

చాలామంది గమనించని విషయం ఇంకొకటుంది. 2023 డిసెంబర్ 31, 2024 జనవరి 1 పక్కపక్క రోజులు. నంబర్లుగా చూస్తే మధ్య దూరం 8870. క్వెరీకి ఎన్ని వరుసలు వస్తాయో ఆప్టిమైజర్, అంటే క్వెరీని ఎలా నడపాలో నిర్ణయించే డేటాబేస్ భాగం, ముందే అంచనా వేస్తుంది కదా, హిస్టోగ్రామ్ (ఏ విలువలు ఎన్నెన్ని ఉన్నాయో చెప్పే లెక్క) లేకపోతే విలువలన్నీ సమానంగా పరుచుకుని ఉన్నాయనుకుంటుంది. మీరు అడిగింది రెండు రోజుల డేటా. దానికి మాత్రం టేబుల్‌లో పెద్ద భాగం అడిగినట్టు కనిపిస్తుంది. వరుసల్ని త్వరగా వెతికిపెట్టే ఇండెక్స్ ఉన్నా దాన్ని వదిలేసి టేబుల్ మొత్తం చదవొచ్చు.

“నంబర్ అయితే ఫాస్ట్, స్పేస్ తక్కువ” అనే మాట తరచూ వింటాం. మామూలు ఇంటీజర్‌కి 4 బైట్లు. పోస్ట్‌గ్రెస్ డేట్‌కీ 4 బైట్లే. మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లలో అయితే 3 బైట్లే. ఒరాకిల్ డేట్‌కి 7 బైట్లు పడుతుంది, కానీ అందులో టైమ్ కూడా ఉంటుంది. పైగా పోస్ట్‌గ్రెస్ లోపల దాచేది కూడా రోజుల లెక్కే, ఒక పూర్ణాంకమే. పోల్చడంలో ఇంటీజర్‌కి అదనపు వేగం ఎక్కడి నుంచి వస్తుంది?

1970 నుంచి సెకన్లు లెక్కపెట్టే యూనిక్స్ టైమ్ సంగతి వేరు. ఒక సంఘటన జరిగిన క్షణాన్ని రాసుకోవడానికి అది బాగానే పనికొస్తుంది, 64 బిట్లలో పెడితే. 32 బిట్లయితే 2038 జనవరి 19తో అయిపోతుంది. మైఎస్‌క్యూఎల్ టైమ్‌స్టాంప్ టైప్‌కీ అదే గడువు, కాబట్టి దూరపు తేదీలుంటే అక్కడ డేట్‌టైమ్ వాడండి.

రిపోర్టుల కోసం డేటా పోగుచేసే డేటా వేర్‌హౌస్‌లో, ఒక్కో తేదీకి ఒక్కో వరుస ఉండే డేట్ డైమెన్షన్ టేబుల్ కీగా ఎనిమిదంకెల నంబర్‌ని నేనూ వాడతాను. అక్కడ అది కీ మాత్రమే, లెక్కలన్నీ డైమెన్షన్ టేబుల్‌లోని అసలు డేట్ కాలమ్ మీద నడుస్తాయి. ఇక ఎస్‌క్యూలైట్‌లో అసలు డేట్ టైపే లేదు, టెక్స్ట్‌గానో నంబర్‌గానో పెట్టాల్సిందే.

ఇప్పటికే ఇంటీజర్ కాలమ్ ఉన్నవాళ్లు టెన్షన్ పడకండి. పక్కనే ఒక డేట్ కాలమ్ చేర్చండి. తేదీగా మారని వరుసల్ని ముందు ఏరి, వాటి సంగతి తెలిసినవాళ్లు ఇంకా అందుబాటులో ఉండగానే అడిగి సరిచేయండి. ఆ తర్వాతే పాత కాలమ్ తీసేయండి.