రాలిన పిందెలు

శ్రోతలకు నమస్కారం.

ఉగాది వెళ్లిన వారానికి మా మల్కాజిగిరిలో ఒకరోజు తెల్లవారుజామున వాన పడింది. మన హైదరాబాదులో ఎండాకాలపు వాన ఎక్కువగా సాయంత్రాలే వస్తుంది. పగలంతా నేల కాగుతుంది, వేడిగాలి పైకి లేచి తేమతో కలిసి మబ్బు కడుతుంది, చీకటి పడే వేళకు ఉరిమి కురిసి పోతుంది. అలాంటిది, పొద్దున్నే వాన! కరెంటు పోయింది. ఫ్యాను ఆగాక ముందు గాలి హోరు వినిపించింది, తర్వాత చినుకులు, ఆ వెనకే మట్టి వాసన.

ఈ వాసనకు 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పెట్రికోర్ అని పేరు పెట్టారు. మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం ఇందులో ముఖ్యమైనది. చినుకు పొడినేలను తాకగానే సన్నటి బుడగలు లేచి పగిలి, దాన్ని గాలిలోకి చిమ్ముతాయి. లక్ష కోట్ల పాళ్లలో కొద్ది పాళ్లున్నా మన ముక్కు పసిగట్టేస్తుంది. ఇదంతా నేను పెద్దయ్యాక చదువుకున్నది. చిన్నప్పుడు నాకు తెలిసింది ఒక్కటే: ఈ వాసన వచ్చిందంటే పెరట్లో పిందెలు రాలి ఉంటాయి.

చిక్కడపల్లిలో మా పెంకుటింటి వెనక నాటు మామిడి చెట్టుండేది. చెట్టు మీది కాయ ముట్టుకుంటే నాయనమ్మ ఊరుకునేది కాదు. అవి ఆవకాయకు. రాలినవి మాత్రం పిల్లలవి. ఎవరికి దొరికితే వాళ్లవి. అందుకే వాన వెలిసీ వెలియకముందే నేనూ అన్నయ్యా పరుగు. గౌను అంచు ఒడిలా పట్టుకుని ఏరేదాన్ని. తడి ఆకుల కింద పిందె చల్లగా తగిలేది, తొడిమ దగ్గర సొన చుక్క మెరుస్తూ ఉండేది. కడిగేంత ఓపిక ఎక్కడిది? అలాగే కొరికితే పెదవి మూల చురుక్కుమని కాలి, రెండు రోజులకు నల్లగా మచ్చ కట్టేది. ఆ నెలంతా బడిలో సగం మంది మూతుల మీద అవే మచ్చలు. కాగితంలో పొట్లం కట్టి తెచ్చుకున్న ఉప్పూ కారం చేతులు మారుతూ ఉండేది.

తోటల రైతులకు ఈ గాలివాన ఎంత నష్టమో నాకు తెలుసు. ఆ మాట మరిచి మురిసిపోలేను. అయితే గాలి లేకపోయినా మామిడి చాలా పిందెలను తనంతట తానే రాల్చుకుంటుంది. ఒక్కో పూగుత్తిలో వందల పూలుంటే, చివరిదాకా నిలిచేవి ఒకటో రెండో.

ఆ పొద్దున బాల్కనీలోంచి చూస్తే, మా వాచ్‌మన్ కూతురు, రెండో తరగతి పిల్ల, తడుస్తూ కింద ఏదో ఏరుతోంది. గొడుగు తీసుకోవాలని కూడా తోచలేదు, దిగిపోయాను.

“అమ్మమ్మా, కారు కింద రెండున్నయ్. నాకు అందుతలేవు.”

మోకాళ్ల మీద కూచుని చెయ్యి చాపాను. మెట్లెక్కాలంటేనే ఆలోచించే మోకాళ్లివి! నిమ్మకాయంత పిందెలు రెండూ దొరికాయి. వాళ్ల గది ముందు కత్తిపీట మీద ఒకదాన్ని చీల్చాను. లోపల జీడి, తెల్లగా, జారుడుగా.

“దీన్ని వేళ్ల మధ్య పట్టి నొక్కు బిడ్డా. ఎటు ఎగిరితే అటు నీ అత్తగారిల్లు.”

ఆ ఆట పాపకు తెలియదు. నొక్కింది. జీడి సంపు మీదుగా గేటు దాటి రోడ్డున పడింది. పాప ఎగిరి గంతేసి, రెండో పిందె నా చేతిలో పెట్టింది.

“ఇప్పుడు నువ్వమ్మమ్మా!”

చీల్చి, కళ్లు మూసుకుని నొక్కాను. అరవై దాటిన నా జీడి ఎటు పోయిందో చూడటానికి, వానలో ఇద్దరం మళ్లీ ఆ కారు కిందే వంగి వెతికాం.