కొండెక్కిన ఐదుగురు

అందరికీ ప్రభువు పేరట వందనాలు. ఎండన పడి వచ్చారు, ఫ్యాన్ గాలి తగలనివాళ్లు ఇలా ముందుకొచ్చి కూర్చోండి, పర్లేదు.

రెండో రాజుల గ్రంథం ఆరో అధ్యాయం ఇప్పుడే చదువుకున్నాం. ఎలీషా ప్రవక్త దోతానులో ఉన్నాడని తెలిసి సిరియా రాజు రాత్రికి రాత్రే గుర్రాల్ని, రథాల్ని, పెద్ద సైన్యాన్ని పంపి ఊరంతా చుట్టుముట్టించాడు, తెల్లారి పనివాడు లేచి బయటికొచ్చి చూస్తే ఎటు చూసినా సైన్యమే, అయ్యో అయ్యగారూ ఇప్పుడేం చేద్దాం అన్నాడు. అతన్ని తప్పు పట్టొద్దంటాను నేను. అతను చూసింది అబద్ధం కాదు కదా, సైన్యం నిజంగానే ఉంది. మీ చేతిలో ఉన్న హాస్పిటల్ రిపోర్టూ నిజమే, అప్పు కాయితం మీద అంకె కూడా నిజమే. విశ్వాసం అంటే ఆ రిపోర్ట్ చించేయటం కాదు, మందులు మానేయటం అసలే కాదు, అలా ఎవరైనా చెప్తే వినకండి దయచేసి.

మరి ఎలీషా ఏమని ప్రార్థించాడు? సైన్యాన్ని తీసెయ్యి అనలేదు, వీడి కళ్లు తెరువు అన్నాడు. అప్పుడు కనబడ్డాయి కొండ నిండా అగ్ని గుర్రాలు, రథాలు. అవి అప్పటికప్పుడు వచ్చి దిగినవి కాదు, ఎందుకంటే మన వైపు ఉన్నవాళ్లే ఎక్కువ అని ఎలీషా అంతకు ముందే చెప్పేశాడు.

మన ఒంగోలు కొండ సంగతి తెలుసు కదా. అమెరికన్ బాప్టిస్టుల నెల్లూరు మిషన్‌లో ఏళ్ల తరబడి పనిచేసినా చేతివేళ్ల మీద లెక్కపెట్టేంత మందే నమ్ముకున్నారు, ఇంక మూసేద్దామా అని అమెరికాలో పెద్దలు 1853లో ఆలోచన చేశారు. ఆ మరుసటి ఏడు, 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ మిషనరీ జ్యూవెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు ఆ కొండెక్కి ఒంగోలు కోసం ప్రార్థించారు. దిగొచ్చాక ఏమైంది? ఏమీ కాలేదు. ఆయన తర్వాతి మిషనరీ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చేసరికే 1866, అంటే పన్నెండేళ్లు! ఆ తర్వాత 1876 నుంచి 78 దాకా ఘోరమైన కరువు. అప్పుడాయన బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్ట్ తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి పని చూపించాడు, తిండి కోసం వస్తారేమోనని ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు కూడా. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందరూ ఈ అంకె గురించే చెప్తారు, నాకు మాత్రం ఆ పన్నెండేళ్లే ముఖ్యం అనిపిస్తుంది.

ఇక మా ఇంటి మాట. మా నాన్నది తాపీ పని. 2020 లాక్‌డౌన్‌లో ఆ పని పూర్తిగా ఆగిపోయింది. అమ్మ ఎప్పటిలాగే ఎసట్లో పోసే ముందు గుడికి కానుకగా ఇవ్వటానికి ఒక పిడికెడు బియ్యం తీసి పాత హార్లిక్స్ సీసాలో వేస్తుంటే, మనకే లేవు కదమ్మా అని అరిచాను. అమ్మ తల కూడా ఎత్తలేదు, "లేవంటావేంట్రా, ఈ గ్లాసులో ఉన్నవేంటి మరి" అంది. నేను డబ్బా అడుగు చూస్తున్నాను, అమ్మ గ్లాసు చూస్తోంది. సీసా నిండేసరికి గుడి ఇంకా మూసే ఉంది, ఆ బియ్యం కొంగులో పోసుకుని వెనక వీధిలో ఒంటరిగా ఉండే ముసలమ్మకి ఇచ్చి వచ్చింది. వచ్చి సీసా కడిగి గట్టు మీద బోర్లించింది. మర్నాడు మళ్లీ ఒక పిడికెడు.

లేచి నిలబడదాం, ప్రార్థన చేసుకుందాం.